ఆప్షన్ల మాస్టారు

మా ఇన్‌స్టిట్యూట్‌లో లెక్కలు చెప్పేవాళ్ళు ముగ్గురు. పిల్లలు భయపడేది మాత్రం క్లాసులోకి ఎప్పుడూ అడుగుపెట్టని నాలుగో ఆయనకి. ఆయన పాఠం చెప్పడు, తప్పు జవాబులు రాస్తాడు. పీజీ ఎంట్రన్స్‌కి తయారయ్యే పిల్లలకి వారం వారం పరీక్ష పెడతాం. ప్రతి ప్రశ్న కిందా నాలుగు ఆప్షన్లు ఉంటాయి. ఒప్పు ఒకటి, తప్పులు మూడు. ఒప్పు ఎవరైనా రాస్తారని, ఆ మూడు తప్పులూ రాయడానికి మా డైరెక్టరు ఈయన్ని పెట్టుకున్నాడు. అందరూ ఆప్షన్ల మాస్టారు అంటారు.

ఆయన చేత్తో రాసిచ్చింది నేను కంప్యూటర్లో కొడతాను. నాకు లెక్కలు రావు, లెక్కల గుర్తులు మాత్రం వచ్చు. ఏ గుర్తు ఏ మీటలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను, అది ఎందుకని అడిగితే నీళ్ళు నమలాల్సిందే. కొక్కెం, తిరగేసిన ఆరు, పడుకున్న ఎనిమిది, ఇవీ నేను పెట్టుకున్న పేర్లు. మాస్టారు మొదట్లో వాటి అసలు పేర్లు నేర్పాలని నడుం కట్టాడు. వారం తిరక్కుండా ఆయనే, "అక్కా, ఇక్కడో పడుకున్న ఎనిమిది పెట్టండి" అనడం మొదలుపెట్టాడు.

ఆయన కుర్చీ నా గదిలోనే. గది అంటే గది కాదు, జిరాక్సు మిషను పెట్టగా మిగిలిన జాగా. ఒక కిటికీ, కిటికీ అవతల కింది అంతస్తులో టైర్లు అమ్మేవాడి రేకుల కప్పు. ఎండాకాలం మిషను వేడీ రేకుల వేడీ కలిసి మమ్మల్ని ఉడికించేవి. మాస్టారికి అదేమీ పట్టేది కాదు. చొక్కా చేతులు మడుచుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని, ఒక్కో తప్పు గురించి గంటల తరబడి ఆలోచించేవాడు.

ఒకసారి నాకు ఒళ్ళు మండింది. పేపరు మధ్యాహ్నానికి అచ్చుకి వెళ్ళాలి, ఈయన ఒక్క ప్రశ్నకి మూడో తప్పు దొరకలేదని పొద్దుట్నించీ కూర్చున్నాడు.

"ఏదో ఒక అంకె పడేస్తే పోలా మాస్టారూ? ఎలాగూ తప్పేగా!"

"అలా పడేస్తే పిల్లాడు చూడగానే కొట్టిపారేస్తాడక్కా. తప్పుకి కూడా దారి ఉండాలి. వాడు చేసుకుంటూ చేసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగాలి. తన జవాబు అక్కడ కనబడి సంతోషించాలి."

"అయ్యో పాపం. సంతోషించాక?"

"సంతోషించాక మార్కు పోవాలి" అని నవ్వాడు.

ఆ దారుల కోసం ఆయన చెత్తబుట్టలు వెతికేవాడు. పరీక్ష అవగానే పిల్లలు పారేసిన రఫ్ కాగితాలన్నీ తెచ్చి నా గదిలో కుమ్మరించేవాడు. ఊడ్చే ఆమె శాపనార్థాలు పెట్టేది, ఈయన వినేవాడు కాదు. ఒక్కో కాగితం ఉండ విప్పి, మడతలు సాపు చేసి, ఎవరు ఎక్కడ జారారో చూసేవాడు. మైనస్ గుర్తు దాటించడం మర్చిపోయినవాడికి బి. వర్గమూలానికి రెండు విలువలుంటాయని గుర్తులేనివాడికి సి. ప్రశ్న సగమే చదివి పరిగెత్తినవాడికి డి. ఇలా రాసేవాడు. అందుకే ఆయన పేపరు రాసి పిల్లలు గోలెత్తిపోయేవాళ్ళు, అసలు పరీక్షకి వెళ్ళి హాయిగా రాసి వచ్చేవాళ్ళు. సీట్లు వచ్చిన పిల్లల ఫొటోలతో మా గోడలు నిండిపోయాయి.

ఇంతకీ ఆయన మా దగ్గరికి వచ్చింది ఉద్యోగానికి కాదు. ఎంట్రన్స్ రాసి ఎమ్మెస్సీ లెక్కల్లో చేరాలని వచ్చాడు. డిగ్రీ కాగానే తండ్రి పోతే, ఇంటి భారం మీద పడి కొన్నాళ్ళు ఏదో గోడౌన్లో పనిచేశాడు. ఆ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకుని మా మెట్లెక్కాడు. ఫీజు కట్టలేనంటే మా డైరెక్టరు, "క్లాసులో కూర్చోండి, బదులుగా నాలుగు ప్రశ్నలు రాసిపెట్టండి" అన్నాడు. ఆ నాలుగు ప్రశ్నలు చూశాక మా డైరెక్టరు ఆయన్ని వదల్లేదు. 

మొదటి ఏడాది సీటు వెంట్రుకవాసిలో తప్పింది. ఇంకో ఏడాది చూద్దామని ఉండిపోయాడు. ఆ ఏడాది ర్యాంకు ఇంకాస్త కిందికి దిగింది. తర్వాతి ఏడాది ఇంకా కిందికి. మధ్యలో పెళ్ళయింది, జీతం పెరిగింది, ర్యాంకు మాత్రం దిగుతూనే ఉంది. ఆయన ఆప్షన్లు రాయడంలో ఎంత ఆరితేరితే పరీక్షలో అంత వెనకబడ్డాడు. ఈ ముక్క ఇప్పుడు చెప్పగలుగుతున్నాను గాని, అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. మా డైరెక్టరు అదృష్టం లేదనేవాడు. మాస్టారి భార్య ఆయన అసలు చదవడం లేదనేది. నాకు ఆవిడ మాటే నిజమనిపించేది, ఎందుకంటే సీజన్లో ఆయనకి పుస్తకం తెరిచే తీరిక ఉండగా నేను చూడలేదు.

ఎమ్మెస్సీ చేసి ఏం చేస్తారని ఒకసారి అడిగాను. మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం.

"ఏమీ చెయ్యనక్కా. అక్కడ పరీక్షలో ఆప్షన్లు ఉండవట. ప్రశ్న ఇచ్చి తెల్ల కాగితం ఇస్తారట. ఇది నిజమని నిరూపించండి అంటారట. అంతే." 

ఆ 'అంతే' అనడంలో ఆయన గొంతు ఎంత మెత్తబడిందో. చిన్నపిల్లాడు సముద్రం గురించి అడిగినట్టు ఉంది. ఈయన్ని ఎలాగైనా ఆ పరీక్ష గదిలో కూర్చోబెట్టాలి దేవుడా అనుకున్నాను.

ఆ ఏడాది యూనివర్సిటీ వాళ్ళు కొత్త నిబంధన తెచ్చారు. వచ్చే ఏడాది నుంచి ముప్పై ఐదేళ్ళు దాటినవాళ్ళు ఎంట్రన్స్ రాయడానికి లేదు. మాస్టారికి అప్పటికి దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే ఆయన భార్య మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. అద్దాల గోడే కాబట్టి నాకు అంతా వినబడింది.

"మీ పిల్లలందరికీ సీట్లొస్తున్నాయి సార్. ఫొటోలు పెట్టడానికి గోడలు చాలడం లేదు. మా ఆయన ఫొటో ఒక్క ఏడాదీ ఎక్కలేదు."

"అదృష్టం కూడా కలిసి రావాలి కదమ్మా."

"అదృష్టం సంగతి నేను చూసుకుంటాను. మీరు సెలవు సంగతి చూడండి. పరీక్ష అయ్యేదాకా ఆయన ఇక్కడికి రారు."

"సీజనమ్మా! ఇప్పుడు ఆయన లేకపోతే నా గతేం కాను?"

"ఇప్పుడు కాకపోతే ఆయన గతేం కాను?" 

మా డైరెక్టరు సెలవు ఇచ్చాడు. అన్నేళ్ళలో ఆయన నోరు మూయించినవాళ్ళని నేను చూడటం అదే మొదలు. ఆవిడ బయటికొస్తూ నా గుమ్మం దగ్గర ఆగి, "వదినా, ఫోన్లు చేసి ఆయన్ని డౌట్లు అడగనివ్వకండి ఎవరినీ. మీకు పుణ్యముంటుంది" అంది. అంతసేపూ పులిలా ఉన్న మనిషి ఆ మాట అనేటప్పుడు బతిమాలుతున్నట్టు అంది.

నెల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో టేబులు కిటికీ దగ్గరికి జరిపి, దాని చుట్టూ తీగ కట్టి దుప్పటి వేలాడేసింది ఆవిడ. వచ్చేపోయేవాళ్ళు కనబడి ధ్యాస చెదరకూడదట. పక్కింటివాళ్ళ టీవీ సౌండు తగ్గించమని వెళ్ళి గొడవపడి వచ్చిందట. తను రాత్రి డ్యూటీలు వేయించుకుని, పగలు ఆయన చదువుతుంటే లోపలి గదిలో చప్పుడు కాకుండా పడుకుంటోంది. కళ్ళ కింద నల్లగా చారలు పడ్డాయి.

"చదువుతున్నారా?" అని గుసగుసగా అడిగాను.

"మీరే చూడండి వదినా. ఈసారి తల ఎత్తడం లేదు. అన్నం చల్లారిపోతోందని పిలిచినా వినబడదు" అంది. ఆ గొంతులో గర్వం దాచుకోలేకపోయింది.

దుప్పటి తొలగించి చూశాను. మాస్టారు మా పాత పరీక్ష పేపర్లు ముందేసుకున్నాడు. ప్రతి ప్రశ్న కిందా చీమల బారులా ఏదో రాసి ఉంది. ఒప్పు పక్కన ఒక్క గీత. బి పక్కన, సి పక్కన, డి పక్కన మాత్రం కాగితం అంచుదాకా లెక్కలే. ఇంత లోతుకి దిగి చదువుతుంటే ఇక సీటు రాకుండా పోతుందా అని నా మనసు కుదుటపడింది. ఇంటికి వెళ్ళే దారంతా హుషారుగా నడిచాను.

పరీక్ష రోజున ఆవిడకి డ్యూటీ మారడం కుదర్లేదు. సెంటరు దాకా నేను వెళ్ళాను. ఏదో స్కూలు. గేటు అవతల గోడ నీడలో తల్లిదండ్రులు నిలబడ్డారు, వాళ్ళ మధ్య నేనూ నిలబడ్డాను. ఆఖరి గంట కొట్టారు. ముందు మా పిల్లలు వచ్చారు. "టీచర్, పేపరు ఈజీ! మన మాస్టారి పేపర్ల ముందు ఇదెంత!" అంటూ నా చేతులు పట్టుకుని ఊపేశారు. జనం అంతా పల్చబడ్డాక ఆయన వచ్చాడు.

"ఎలా రాశారు మాస్టారూ?"

"చాలా మంచి పేపరక్కా. ఎవరో పని తెలిసిన మనిషి రాశాడు."

"వాడి సంగతి నాకెందుకు? మీరెలా రాశారు?"

"సగం దాకా కూడా చేరలేదు" అన్నాడు.

గేటు పక్కన అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాను. తాగి, నేలవైపు చూస్తూ చెప్పాడు. మొదటి ప్రశ్నకి జవాబు చూడగానే తెలిసిందట. పెట్టి ముందుకు పోవచ్చు. కాని పక్కన బి కనబడింది. ఆ బి ఎలా వచ్చింది, ఏ పిల్లాడు ఎక్కడ జారితే అక్కడికి వస్తాడు అని చెయ్యి దానంతటదే రఫ్ కాగితం మీదికి పోయిందట. బి కి దారి దొరికాక సి. సి అయ్యాక డి. 

"మీరు పరీక్ష రాయడానికి వెళ్ళారా, పరీక్షకి పరీక్ష పెట్టడానికి వెళ్ళారా?" అరికాలి మంట నెత్తికెక్కి అరిచేశాను. రోడ్డు మీద ఎవరో తిరిగి చూశారు.

"తెలుసక్కా. మానేద్దామనే చూశాను. ఆప్షన్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను కూడా. అయినా అడుగున ఏముందో చూడకుండా ఉండలేకపోయాను. మూడు తప్పులకీ దారి దొరక్కుండా ప్రశ్న వదిలి రావడం నాకు చేత కావడం లేదు."

"ఎప్పటినుంచి ఇలా?"

"రెండో ఏడాది నుంచి. ఏటికేడాది ఎక్కువవుతోంది. ఇంట్లో చెప్పకండి. టైము చాలలేదని చెబుతాను."

మా గోడల మీద ఫొటోలెక్కిన పిల్లలందరికీ మెట్లు కట్టిన చెయ్యి అది. తన వంతు వచ్చేసరికి ఆ కట్టే పని ఆపలేకపోయింది. అరుగు మీద ఆయన పక్కనే కూర్చుండిపోయాను.

ఇంట్లో టైము చాలలేదనే చెప్పాడు. ఆవిడ మర్నాడు పొద్దున అందట. "నేను కంటి మీద కునుకు లేకుండా మేలుకున్నాను. మీరు దుప్పటి వెనక ఏం చేశారో మీకే తెలియాలి. మనసు పెట్టి చదివుంటే టైమెందుకు చాలదు?" అని. ఆయన తల దించుకుని విన్నాడట.

అదే సాయంత్రం మా డైరెక్టరు ఆయన్ని రమ్మని కబురు పెట్టాడు. ఏటా ఇదో తంతు. ప్రశ్నపత్రం బయటికి ఇవ్వరు కాబట్టి, రాసి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి గుర్తున్న ప్రశ్నలన్నీ చెప్పించుకుంటాం. ఎవరు ముందు ఆ ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీద అతికిస్తే కొత్త పిల్లలు వాళ్ళ దగ్గర చేరతారు. ఆ రోజంతా పిల్లలు వస్తూ పోతూ చెబుతుంటే నేను కొట్టాను. ప్రశ్నలు దొరికాయి, కొన్నింటికి వాళ్ళు పెట్టిన జవాబులూ దొరికాయి గాని, తప్పు ఆప్షన్లు ఎవరికి గుర్తుంటాయి? ప్రశ్న కింద ఖాళీ వదిలి, ముక్క ముక్కగా మొత్తం పేపరు సిద్ధం చేశాను.

మాస్టారు వచ్చాడు. వెనకే ఆవిడ కూడా. ఆసుపత్రికి వెళ్తూ దిగబెట్టడానికి వచ్చి, ఇంకా టైముందని జిరాక్సు మిషను పక్క స్టూలు మీద కూర్చుంది.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి జవాబు చెప్పాడు. రెండోది చదివాను, చెప్పాడు. మూడోది నేను పూర్తి చేయకముందే చెప్పాడు. పెన్ను లేదు, కాగితం లేదు. కొన్నింటికి కాసేపు కళ్ళు మూసుకునేవాడు, అంతే. నా వేళ్ళు ఆయన నోటితో పందెం కాయలేక తడబడుతున్నాయి.

"ఏవండీ" అంది ఆవిడ. "ఇది నిన్నటి పేపరేనా?"

"అదే."

"ఇవి నిన్న పెట్టారా?"

"కొన్ని పెట్టాను. కొన్నింటి దగ్గరికి చేరలేదు."

ఆవిడ లేచి వచ్చి నా ముందున్న ప్రింటు కాగితాలు లాక్కుంది. పేపరు చివర్నుంచి ఒక ప్రశ్న తీసి, ఆ గుర్తులు నోరు తిరక్క తడుముకుంటూ చదివింది. ఆయన చెప్పాడు. నేను పిల్లలు చెప్పిన జవాబుతో సరిచూసి తల ఊపాను. ఇంకోటి చదివింది. చెప్పాడు. ఇంకోటి. గుర్తు ఎలా పలకాలో తెలియకపోతే "ఇదిగో, పడుకున్న ఎనిమిది" అని నేను అందించాను, ఆయన నవ్వాడు. ఆవిడ గబగబా చదువుతోంది, ఆయన గబగబా చెబుతున్నాడు. ఆ కాసేపు ఆయన మొహం వెలిగిపోయింది. మెట్ల మీద టీ తాగుతూ చెప్పిన ఆ తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఇలాగే ఉండేవాడేమో.

ఆఖరి ప్రశ్న అయిపోయింది. ఆవిడ కాగితాలు గుండెకి పట్టుకుని నిలబడింది.

"మీకన్నీ వచ్చు" అంది.

"ఇలా అడిగితే వచ్చు. అక్కడ నాలుగూ ఎదురుగా పెడతారు" అని నిన్న నాకు చెప్పిందంతా ఆవిడకీ చెప్పాడు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "చదవమని పోరు పెట్టాను. చదవలేదని నానా మాటలూ అన్నాను. మీకు కావలసింది చదువు కాదు, ఈ గది లోంచి బయటపడటం. పెళ్ళైన మొదటి ఏడాదే ఇక్కడ మాన్పించి ఉంటే సరిపోయేది. గోడౌన్లో మూటలు మోసుకుంటున్నా సీటు వచ్చేది" అంటూ నర్సు బట్టల్లోనే వెక్కి వెక్కి ఏడ్చింది. రోజూ చావుబతుకులు చూసే మనిషి. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "డ్యూటీకి లేటవుతుంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. నా కంప్యూటర్లోకి తొంగి చూశాడు.

"శెభాష్! అన్నిటికీ జవాబులొచ్చాయే. ఆప్షన్లేవీ?"

"పిల్లలకి గుర్తులేవు సార్."

"గుర్తులేకపోతే మన మాస్టారు లేరూ? మూడేసి వేసేయండి మాస్టారూ. రేపు మోడల్ పేపరుగా అచ్చు వేద్దాం."

"ఇవాళ వెయ్యరు" అన్నాను. డైరెక్టరు స్టూలు మీద ఆవిణ్ణి చూసి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు. నేను కంప్యూటరు కట్టేశాను. వాళ్ళిద్దరూ మెట్లు దిగి వెళ్తుంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు నేను వచ్చేసరికి మాస్టారు తన కుర్చీలో ఉన్నాడు. నేను బ్యాగు కూడా దించలేదు.

"మానేయండి మాస్టారూ" అన్నాను. "ఇంకెక్కడైనా చూసుకోండి. మీ ఆవిడ చెప్పింది నిజం. ఈ పనే మిమ్మల్ని తినేసింది."

"ఇప్పుడు మానేసి ఏం లాభమక్కా? నేను రాయడానికి ఇక పరీక్ష లేదుగా" అన్నాడు. "నిన్నటి ఫైలు తెరవండి."

తెరిచాను. మొదటి ప్రశ్నకి ఆయన బి చెప్పాడు, సి చెప్పాడు, డి చెప్పాడు. నేను కొట్టాను.